ఎనభై గళ్ల కిటికీ

మొన్న సంక్రాంతి ముందు వంటింటి అలమర దులుపుతూ మా కోడలు అరల్లో పరిచిన పాత కాగితాలు బయటికి లాగింది. వెడల్పాటి కాగితాలు. రెండంచులా వరసగా గుండ్రటి చిల్లులు. ఒక బద్ద తెలుపు, ఒక బద్ద లేతాకుపచ్చ.

"ఇదేం కాగితం అత్తయ్యా! పేపరా అంటే పేపరు కాదు, పుస్తకమా అంటే పుస్తకం కాదు" అంది.

ఆ పిల్ల పుట్టింది 1997లో. దానికేం తెలుస్తుంది? నా ఈడు వాళ్లకయితే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఆఫీసు నుంచి ఓ కట్ట మోసుకొచ్చేవారు. ముందు పిల్లల లెక్కలకి వెనకవైపు, తర్వాత పుస్తకాలకి అట్టలు, ఆఖరికి పప్పు డబ్బాల కింద పరుపు. కంప్యూటరు అనే వస్తువు మా ఇళ్లలోకి మొదట వచ్చింది ఆ రూపంలోనే.

వాటి మీద ఒక వరసలో ఎన్ని అక్షరాలు పడతాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేను పెట్టాను. 132. పనిలేక కాదు లెండి. ఆ 132 అన్న అంకె 2001లో నా ఉద్యోగాన్ని (ఉద్యోగమన్నది పెద్ద మాట, నా చేతి సంపాదనని) ఊడగొట్టినంత పని చేసి, మళ్లీ తనే నిలబెట్టింది.

అప్పటికి మావారి ఫ్యాక్టరీకి తాళం పడి ఏడాది. పెద్దవాడు ఇంజనీరింగులో, చిన్నది పదో తరగతిలో. మా పేటలో ఒక పొదుపు సంఘం ఉండేది. రోజుకి అయిదూ పదీ కట్టే కూరలమ్మే వాళ్లూ, కుట్టుపని వాళ్లూ, ఇద్దరు ముగ్గురు టీచరమ్మలూ అందులో సభ్యులు. వాళ్ల లెక్కలు ఊళ్లో ఒక కంప్యూటరు సెంటరు వాళ్లు చేసి, నెలకోసారి ఈ చారల కాగితం మీద అచ్చు కొట్టి ఇచ్చేవారు. నేను అది ముందు పెట్టుకుని, స్కేలు ఆన్చి, ఒక్కొక్కరి పాసుపుస్తకంలో నిలవ రాసేదాన్ని. కాలేజీ రోజుల నుంచీ నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు. నెలకి ఇంత అని ఇచ్చేవారు. పాలవాడికీ చిన్నదాని ట్యూషనుకీ సరిపోయేది.

ఉన్నట్టుండి సెంటరు వాళ్లు, "ఆ పెద్ద ప్రింటరు పాడయింది, ఇక బాగుచేయించం. అచ్చు కావలసిన లెక్కంతా ఫ్లాపీలో పోసి ఇస్తాం, మీరే చూసుకోండి" అన్నారు. మా మరిది ఆ రోజుల్లో కంప్యూటర్ల పిచ్చిలో ఉండేవాడు. పాత సామాన్లు పోగేసి నాకొక యంత్రం కూర్చిపెట్టాడు. అందులో ఫ్రీబీఎస్‌డీ అనేది వేశాడు. కిటికీల బొమ్మలూ రంగులూ ఏమీ లేవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. "డబ్బు కట్టక్కర్లేదు వదినా, చెడిపోదు" అన్నాడు. చెడిపోలేదు కూడానూ. చెడింది నా లెక్క.

ఆ తెర మీద వరసకి 80 అక్షరాలే పడతాయి. లెక్కేమో 132 అక్షరాల వెడల్పు. మిగిలిన 52 అక్షరాలూ కింది వరసలోకి జారిపోతాయి. అంటే సభ్యురాలి నంబరూ పేరూ పై వరసలో, ఆవిడ నిలవ కింది వరసలో. సరే, రెండేసి వరసలు కలిపి చదువుకుంటే పోలేదూ అనుకున్నాను. కానీ ఖాతా మూసేసిన వాళ్ల వరస పొట్టిగా పైనే ముగిసిపోతుంది, దానికి కింది సగం ఉండదు. దాంతో జతలు తప్పుతాయి. తెర నిండి, మీట నొక్కితే తర్వాత పేజీ వస్తుంది గదా, అక్కడ ఒకావిడ పేరు పాత పేజీ అడుగున ఉండిపోతుంది, ఆవిడ డబ్బు కొత్త పేజీ నెత్తిన దిక్కులేకుండా నిలబడుతుంది. తెరని పక్కకి జరిపి చూసే ఉపాయమూ ఉంది గాని, నిలవ కనపడితే పేరు కనపడదు, పేరు కనపడితే నిలవ కనపడదు.

మూడో నెలలో ఒక సాయంత్రం కూరలమ్మే ఆవిడ ఇంటికొచ్చింది. చేతిలో పాసుపుస్తకం. చదువు రాదు గాని అంకెలు తెలుసు. "అమ్మా, నా డబ్బు నాలుగు వేల మూడొందలు ఎటు పోయింది?" అంది. గట్టిగా అరిచినా బాగుండేది. మెల్లగా అడిగింది. 5,540 ఉండాల్సిన చోట 1,240 అని నా ముత్యాల దస్తూరీలో ఉంది. ఆవిడ కింద ఉన్నావిడ నిలవ అది. కూతురి కాన్పుకని దాచుకున్న డబ్బు. తప్పు రాతలోదే, డబ్బెక్కడికీ పోలేదని చెప్పాను. నమ్మిందో లేదో. పొద్దున్నే సంఘం పెద్దాయన కబురు పంపాడు, "వచ్చే నెల నుంచి రిటైరయిన గుమాస్తా ఒకాయన్ని పెట్టుకుందామనుకుంటున్నాం" అని. బతిమాలి ఒక్క నెల గడువు పుచ్చుకున్నాను.

ఆ నెలలోనే మా మరిదిని కూర్చోబెట్టి, అసలీ 80 ఏమిటి, దీన్ని 132 చేయలేవా అని నిలదీశాను. వాడు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపితే అదొక పెద్ద వంశవృక్షం.

80 అన్నది కాగితపు అట్ట నుంచి వచ్చింది. అమెరికాలో హెర్మన్ హాలెరిత్ అనే ఆయన 1890 జనాభా లెక్కల కోసం అట్టముక్కలకి చిల్లులు పొడిచి, ఆ చిల్లులని యంత్రంతో లెక్కపెట్టించాడు. తర్వాత 1928లో ఐబీఎమ్ కంపెనీ చిల్లుల్ని గుండ్రంగా కాక నిలువు పలకలుగా చేసి, అదే అట్టలో 80 నిలువు గళ్లు పట్టించింది. అంతే, ఎనభై రాజ్యమేలడం మొదలుపెట్టింది. అట్టలు పోయి తెరలొచ్చినా, అట్టల లెక్క అలవాటైన వాళ్లు తెరనీ 80 గళ్లకే కోశారు. అత్తగారి కాలం నాటి కుంచం, మనం కిలోలు కొలిచే రోజుల్లోనూ బియ్యం డబ్బాలో ఉన్నట్టు.

132 వచ్చింది అచ్చు యంత్రం నుంచి. ఐబీఎమ్‌దే, 1403 అని 1959లో ఒక ప్రింటరు వచ్చింది. వరసకి 132 అక్షరాలు. లెక్కల పుస్తకాలకి వెడల్పు కావాలి గదా! పేరూ, పాత నిలవా, జమా, ఖర్చూ, వడ్డీ, కొత్త నిలవా అన్నీ ఒకే వరసలో కనపడాలి. అందుకని ఆఫీసు లెక్కలన్నీ 132కి అలవాటు పడ్డాయి. తెర 80, కాగితం 132. ఇద్దరు తోడికోడళ్లు, ఒకరి వంట ఒకరికి పడదు. 1978లో డెక్ అనే కంపెనీ వీటీ100 అనే తెర తెచ్చి, ఒక ఆజ్ఞతో 80 నుంచి 132కి మారే సదుపాయం పెట్టింది. అంటే ఉపాయం ఎప్పుడో ఉంది. మా ఇంటికి చేరలేదంతే.

మా ఇళ్లలోకొచ్చిన కంప్యూటర్ల మూలపురుషుడు 1981 ఆగస్టులో పుట్టిన ఐబీఎమ్ పీసీ. దానికి తెర చూపించే కార్డులు రెండు. ఒకటి అక్షరాలు మాత్రమే చూపిస్తుంది, 80 గళ్లు, 25 వరసలు, ఒకే రంగు. రెండోది రంగులూ బొమ్మలూ చూపిస్తుంది గాని చుక్కలు తక్కువ. అడ్డంగా 320, నిలువుగా 200. ముగ్గులో చుక్కలు తక్కువయితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పద్మం వేద్దామంటే పలక వస్తుంది.

ఇక్కడొక చిన్న కథ చెప్పకుండా ముందుకు పోలేను. థాయ్‌లాండ్ నుంచి వచ్చిన వాన్ సువన్నుకుల్ అనే ఆయన తన డాక్టరేటు పరిశోధన వ్యాసాన్ని థాయ్ లిపిలో పీసీ మీద రాసుకోవాలనుకున్నాడు. థాయ్ అక్షరాలకీ మన వాటిలాగే పైనా కిందా గుర్తులుంటాయి. అక్షరాల కార్డులో ఆ లిపి లేదు. బొమ్మల కార్డులో చుక్కలు చాలవు. ఏం చేశాడు? తనే ఒక కార్డు చేశాడు. అడ్డంగా 720, నిలువుగా 348 చుక్కలు. 1982లో హెర్క్యులీస్ పేరుతో అది బజారులోకొచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఇంగ్లీషు తప్ప వేరే అక్షరం చూపించని తెర మీద విసిగిన మనిషి చేసిన వస్తువు, ఇంగ్లీషు వాళ్లే ఎగబడి కొన్నారు! జపానులో అయితే అదే 1982లో ఎన్ఈసీ కంపెనీ తమ కంజీ అక్షరాలు చూపించగల పీసీ-9801 తెచ్చి ఏళ్ల తరబడి ఇంటింటా ఏలింది.

మన సంగతి? అక్షరాల తెర ఒక్కో గడిలో ఒక్కో అచ్చు దిమ్మ పెడుతుంది. మొత్తం 256 దిమ్మలు. ఇంగ్లీషుకి పెద్ద బడీ చిన్న బడీ కలిపినా అందులో పావు వంతు కూడా అక్కర్లేదు. తెలుగుకి గుణింతాలూ, వత్తులూ, 'స్త్రీ'లూ, 'లక్ష్మీ'లూ... ఎక్కడ సరిపోతాయి? ఐఐటీ కాన్పూరులో మొదలై, 1988లో పుణెలో ఏర్పడిన సీ-డాక్ సంస్థ పెంచి పెద్దచేసిన జిస్ట్ అనే కార్డు ఉండేది. దాన్ని పీసీలో గుచ్చితే ఆ అక్షరాల తెర మీదే తెలుగూ హిందీ కూడా కనపడేవి. అలాంటివి ఆఫీసులకి. నా లెక్కలో పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్లు. ఒకే ఈశ్వరమ్మ మూడు రకాలుగా ఉండేది. 1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ మొదటి పుస్తకంలోనే తెలుగుకి 128 గదులు కేటాయించారన్న సంగతి అప్పుడు నాకు తెలియదు, తెలిసినా ఆ నల్ల తెరకి పనికొచ్చేది కాదు.

సరే, కార్డుల కథలోకి వద్దాం. 1987లో ఐబీఎమ్ వీజీఏ అని ఇంకో కార్డు తెచ్చింది. 640కి 480 చుక్కలు, 16 రంగులు. అక్షరాలయితే యథాప్రకారం 80 గళ్లు, 25 వరసలు. అది అందరికీ నచ్చి, తతిమ్మా కంపెనీలన్నీ దాన్ని చూసి చేశాయి. చేసి ఊరుకున్నాయా? "మాది ఇంకా ఎక్కువ, మాది 800కి 600" అని ఒకరు, "మాది 1024కి 768" అని ఇంకొకరు. బాగానే ఉంది. కానీ ఆ ఎక్కువ చుక్కలని పిలవడానికి ఒక్కో కంపెనీది ఒక్కో మంత్రం. పక్కింటి కార్డు మంత్రం మన కార్డు దగ్గర చదివితే తెర నల్లబడుతుంది. ప్రోగ్రాము రాసేవాడు ఎన్ని కార్డులుంటే అన్ని మంత్రాలూ రాసుకోవాలి.

అప్పుడు ఎన్ఈసీ వాళ్లే చొరవ తీసుకుని, తోటి కార్డుల కంపెనీలని పోగేశారు. 1989లో వెసా అని ఒక సంఘం పెట్టుకున్నారు. వ్యాపారంలో ఒకరి గొంతు ఒకరు కోసుకునే వాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని, "800కి 600ని అందరం ఒకే అంకెతో పిలుద్దాం" అని ఒప్పుకోవడం చిన్న సంగతేం కాదు. (అపార్ట్‌మెంటులో నీళ్ల ట్యాంకు కడిగించే రోజు మీద ఎనిమిదిళ్ల వాళ్లం ఒక మాట మీదికి రావడానికి నాలుగు నెలలు పట్టింది మాకు.) వాళ్లు రాసుకున్న ఒప్పందంలో పద్ధతి ఇది: కార్డు మీదే ఒక చిన్న చిప్పులో దాని సొంత ప్రోగ్రాము ఉంటుంది. "అమ్మా, నీకేమేం వచ్చు?" అని నిర్ణీతమైన మాటల్లో అడిగితే, తనకొచ్చిన తెర రకాల జాబితా అప్పజెప్పాలి. "ఫలానా అంకె రకం పెట్టు" అంటే పెట్టాలి. ఆ జాబితాలో బొమ్మల తెరలతో పాటు అక్షరాల తెరలకీ అంకెలిచ్చారు. 80కి 60, 132కి 25, 132కి 43, 132కి 50, 132కి 60. నా 132 అక్కడ పదేళ్లుగా కూర్చుని ఉంది, నేను అడగకపోతే దానిదా తప్పు!

ఈ వెసా పేరు కంప్యూటరు ముట్టని వాళ్లింట్లో కూడా ఉంటుంది. మీ గోడ టీవీ వెనక నాలుగు మరల చిల్లులుంటాయి చూడండి. వాటి మధ్య దూరం ఎంతుండాలో చెప్పింది కూడా ఈ సంఘమే.

మరి కార్డుకి వచ్చు, ఒప్పందం ఉంది, మా యంత్రం ఎందుకు అడగలేదు?

ఇక్కడ కెర్నెల్ అన్న మాట చెప్పాలి. కెర్నెల్ అంటే పలుకు, జీడిపప్పు పలుకు లాంటిది. యంత్రం నడిపే ప్రోగ్రాముల్లో అన్నిటికీ లోపల ఉండేది అదే. తెరనీ, మీటలనీ, డిస్కునీ తాకే అధికారం దానిది, మిగతా ప్రోగ్రాములన్నీ దాన్ని అడిగి పుచ్చుకోవాలి. ఇంటి తాళాలగుత్తి బొడ్లో దోపుకున్న పెద్దావిడ అనుకోండి. మా ఫ్రీబీఎస్‌డీ పెద్దావిడకి మామూలు వీజీఏ మాటలు మాత్రమే వచ్చు. ఎవరింటికెళ్లినా పనికొచ్చేవి అవి. వెసా మాటలు విడిగా ఉంటాయి.

ఆవిడ పుట్టుపూర్వోత్తరాల్లో మనకి ముచ్చటైన సంగతొకటుంది. యూనిక్స్ అనే పెద్ద యంత్రాల పద్ధతిని బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు పెంచారు. దాన్ని సామాన్యుల పీసీ మీదికి దించింది ఒక దంపతులు, విలియం జోలిట్జ్, లిన్ జోలిట్జ్. ఆ పని ఎలా చేస్తున్నారో 1991 నుంచీ ఒక పత్రికలో ధారావాహికంగా రాస్తూ, 1992లో 386బీఎస్‌డీ పేరుతో బయటికి వదిలారు. దాన్ని పట్టుకుని 1993లో మొదలైందే ఫ్రీబీఎస్‌డీ. లిన్ జోలిట్జ్ పేరు మా మరిది నోట వినలేదు నేను. "జోలిట్జ్ అని ఒకాయన" అన్నాడు. తర్వాత చదివి నేనే వాడికి చెప్పాను, ఆయన ఒక్కడే కాదు, ఆవిడ కూడా అని.

వెనకటి రోజుల్లో పెద్దావిడకి కొత్త మాట నేర్పాలంటే ఆవిణ్ణి మళ్లీ మొదటినుంచీ తయారుచేయాలి. అంటే కెర్నెల్ మొత్తం మళ్లీ కూర్చి, యంత్రం ఆపి, లేపాలి. ఉప్పు తక్కువైందని పిండి మొత్తం మళ్లీ రుబ్బినట్టు. మా బోటి పాత యంత్రం మీద గంటలు పట్టేది. ఆ బాధ పోగొట్టడానికి వచ్చినవే మాడ్యూళ్లు. పెద్దావిడ పని చేసుకుంటూండగానే వచ్చి పక్కన కూర్చుని, తనకి తెలిసిన పని అందుకునే బంధువు లాంటిది మాడ్యూలు. అవసరం తీరాక వెళ్లిపొమ్మనవచ్చు. 1998 అక్టోబరులో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 3.0 నుంచి దీనికి కొత్త ఏర్పాటు చేశారు. 'కేఎల్‌డీలోడ్' అని, ఒక ఖాళీ వదిలి, మాడ్యూలు పేరు కొడితే చాలు. అయితే ఒకటి, ఆ బంధువుకి కూడా తాళాలగుత్తి ఇచ్చినట్టే లెక్క. తప్పు చేస్తే ఇల్లంతా చతికిలబడుతుంది. ఊరూపేరూ తెలియని మాడ్యూలు ఎక్కించకూడదని మా మరిది నాకు నూరిపోశాడు.

వెసా అనే మాడ్యూలు చేసే పని వినడానికి సులువే. కార్డుని జాబితా అడిగి, ఆ రకాలన్నీ పెద్దావిడ దగ్గరున్న జాబితాకి కలుపుతుంది. కానీ అడగడంలోనే ఉంది చిక్కు. కార్డు చిప్పులోని ప్రోగ్రాము పాత కాలపుది, 1981 నాటి పీసీ పద్ధతిలో, 16 బిట్లలో మాత్రమే పనిచేస్తుంది. కెర్నెలేమో 32 బిట్ల కొత్త సంసారం. మా నాయనమ్మ గుర్తొస్తుంది నాకు. మహా మడి. మా గ్యాసు స్టవ్వు ముట్టదు, మా గిన్నెలు ముట్టదు. కానీ ఆవిడ చేసే చలిమిడి ఆవిడే చేయాలి. మా అమ్మ ఏం చేసేది? పెరట్లో ఆవిడకి విడిగా చిన్న పంచ దింపి, కుంపటీ ఇత్తడి గిన్నెలూ పెట్టేది. ఆవిడ తన ఇంట్లో ఉన్నట్టే ఉండి చేసి ఇచ్చేది, మా వంట మాకు సాగిపోయేది. ఇంటెల్ వాళ్ల 386 చిప్పులో, 1985లోనే, అచ్చం ఇలాంటి పంచ ఒకటి కట్టిపెట్టారు. అందులో పాత ప్రోగ్రాము తాను 1981లోనే ఉన్నాననుకుని పనిచేస్తుంది. గడప దాటి చేయి పెట్టబోతే కెర్నెల్ పట్టుకుంటుంది. వెసా మాడ్యూలు కార్డు ప్రోగ్రాముని ఆ పంచలో కూర్చోబెట్టి అడుగుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా మరిది వచ్చి కూర్చున్నాడు. వెసా ఎక్కించాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోతే మంచిదట, తప్పులేమీ లేవన్నమాట. తర్వాత 'విడ్‌కంట్రోల్' అనే ఇంకో ఆజ్ఞతో తెర రకాల జాబితా చూపించమన్నాడు. గబగబా ఒక పట్టిక పరుగెత్తింది. నాకు పట్టికలు చదవడం అలవాటే గదా, వేలు పెట్టి చూశాను. 132 లేదు.

"కార్డు చవకది వదినా. బొమ్మల రకాలిచ్చింది గాని, అక్షరాల రకాలు దీని చిప్పులో పెట్టలేదు. ఒప్పందంలో ఉన్నవన్నీ ప్రతివాడూ చేయాలని లేదు" అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. గడువు ఇంకా తొమ్మిది రోజులే. "బొమ్మల రకంలోనే అక్షరాలు గీయించవచ్చు, 800కి 600లో వరసకి వంద పడతాయి. దానికయితే కెర్నెల్ మళ్లీ కూర్చాలి" అన్నాడు. వంద నాకేం చేసుకోను? వందా ముప్ఫై రెండు కావాలి.

వాడు కాసేపు గోడ కేసి చూసి, స్కూటరు వేసుకుని వెళ్లి, తన యంత్రంలోని కార్డు ఊడదీసుకొచ్చాడు. "నాకెందుకు, నేను బొమ్మలే చూసేది" అన్నాడు. ఈ మాట మావారికి ఇప్పటికీ చెప్పలేదు నేను. తమ్ముడు ఆ కార్డు కోసం మూడు నెలలు భోజనం డబ్బు మిగుల్చుకున్నాడని తెలిస్తే ఆయన నన్ను అననివ్వడు, పుచ్చుకోనివ్వడు.

కార్డు గుచ్చాడు. మళ్లీ లేపాడు. మళ్లీ వెసా. మళ్లీ పట్టిక. ఈసారి వాడికంటే ముందు నేనే చూశాను, 132కి 25. వాడు ఆజ్ఞ కొట్టాడు. తెర నల్లబడింది. లోపల టిక్కుమని చప్పుడు. ఒక్క క్షణం, రెండు. నేను వెంకటేశ్వరస్వామికి ఏం మొక్కానో ఇప్పుడు చెప్పకూడదు. అక్షరాలొచ్చాయి. ఎత్తు అంతే ఉంది, ఒళ్లు మాత్రం సన్నబడింది, ఉపవాసాలుండి లేచినట్టు. ఫ్లాపీ పెట్టి లెక్క తెరిచాను.

ఒక మనిషి, ఒక వరస. ఆ కొస నుంచి ఈ కొసకి, పేరు నుంచి నిలవకి. జారింది లేదు, తెగింది లేదు. కూరలమ్మే ఆవిడ వరస వెతికాను. 5,540.

వాడు సరదాకి 132కి 43 కూడా పెట్టి చూపించాడు. ఆవగింజలు. "వద్దు నాయనా, నా కళ్లు నాకుండనీ" అన్నాను. ప్రతిసారీ ఆజ్ఞ కొట్టే పని లేకుండా, యంత్రం లేవగానే వెసా తనంతట తానే ఎక్కేలా ఒక చిన్న ఫైల్లో ఒక వాక్యం రాసిపెట్టి వెళ్లాడు.

ఆ నెల పాసుపుస్తకాలన్నీ మూడు రోజుల్లో రాసేశాను, పాత మూడు నెలలవీ మళ్లీ సరిచూశాను. ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. ఒకటి టీచరమ్మది, ఆవిడకి ఎక్కువ రాశాను, ఆవిడ అడగలేదు మరి! తప్పుల చీటీ నేనే తీసుకెళ్లి సంఘం పెద్దాయనకిచ్చాను. ఆయన చాలాసేపు చూసి, "గుమాస్తాగారికి ఇంకా కబురు చేయలేదులెండి" అన్నాడు. 2007లో ఆ సంఘం ఇంకో సంఘంలో కలిసిపోయేదాకా ఆ పని నేనే చేశాను.

ఇప్పుడు ఈ మాడ్యూలుతో ఎవరికీ పనిలేదు. 2009లో లినక్స్ వాళ్లు కార్డు చిప్పుని బతిమాలడం మానేసి, కెర్నెలే తెరని నేరుగా మార్చుకునే పద్ధతి తెచ్చారు. ఫ్రీబీఎస్‌డీ కూడా 2016లో వచ్చిన 11.0 నుంచి పాత అక్షరాల తెర బదులు, యూనికోడ్ తెలిసిన కొత్త తెరని మామూలు చేసింది. యంత్రాలు నిద్రలేచే పద్ధతే మారిపోయింది. ఆ పాత 16 బిట్ల ఏర్పాటుని 2020 నాటికి తీసేస్తామని ఇంటెల్ వాళ్లు 2017లో ప్రకటించారు. నాయనమ్మా లేదు, పంచా లేదు.

మా కోడలు అరల్లోకి పూల ప్లాస్టిక్ కాగితం కొనుక్కొచ్చింది. బాగానే ఉంది. పాత కాగితాలు పారేయబోతూంటే ఒకటి అడిగి పుచ్చుకున్నాను. పప్పు పొడి దులిపి, కళ్లజోడు పెట్టుకుని, ఒక వరస మీద వేలు పెట్టి లెక్కపెడుతున్నాను. మనవడు పక్కనే నిలబడి తనూ లెక్కపెడుతున్నాడు, వాడికి ఇరవై తర్వాత ముప్ఫై వస్తుంది.